టమోటా లేని చారు, మాంసం లేని పొగ

వంటవాడు పని మానేశాడని తెలియగానే జనం అడిగేది ఒకటే: "అయితే ఇప్పుడు ఇంట్లో నువ్వే వండుతావా?" వండను. మా ఇంట్లో ఎప్పుడూ మా ఆవిడే వండింది. ఒకసారి నేను వండితే రుచి చూసి, "అచ్చం హోటల్లో చేసినట్లుండాది" అంది. ఆమె నోట అది మెచ్చుకోలు కాదు.

ఇప్పుడు కుప్పంలో ఉంటున్నాను. మా వీధిలో కొందరు పిల్లలు కేటరింగ్ కోర్సులో చేరారు. తెల్లకోటు, తలమీద పొడుగు టోపీ. ఆ టోపీ మీద నాకు అసూయే తప్ప కోపం లేదు. నా కాలంలో తలకు తువ్వాలు చుట్టేవాళ్ళం. చెమటకు అదే, చేతులకు అదే, సాయంత్రం ముఖం కడుక్కుంటే తుడుచుకోవడానికీ అదే. "మీ అనుభవాలు చెప్పండి తాతా" అన్నారు ఆ పిల్లలు. చెబితే సెల్లు చూసుకుంటూ వింటారు గనుక రాస్తున్నాను. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. బస్సు ఆగినట్టు ఆగింది, నన్ను దింపేసి అది వెళ్ళిపోయింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఎక్కడ ఏ హోదాలో చేశానో, జీతం ఎప్పుడు పెరిగిందో రాయను. పెరిగినప్పుడు నాకే తెలిసేది కాదు. ఒక చారు గురించి రాస్తాను. పోర్చుగల్ దేశపు చారు. దాన్ని శాకాహారంగా చేయబోయి నా ఉద్యోగం ఊడినంత పనయింది.

విస్తళ్ళ బుట్ట

ముందు మదనపల్లి. బస్టాండు దగ్గర హోటల్లో చేరినప్పుడు పెద్ద మాస్టరు నంజుండప్ప నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తిన్న విస్తళ్ళు వేసే బుట్ట దగ్గర నిలబెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. వంట నేర్చుకుందామని వస్తే ఎంగిలాకులు ఎత్తమంటాడేమిటని.

"ఎత్తేది కాదురా, సూడు," అన్నాడు. "బాగుండాది బాగుండాది అని అరిసినోడు ఏం మిగిల్చినాడో సూడు. నాకొచ్చి చెప్పు."

చూశాను. ఒక ఆఫీసరు మా సాంబారును పొగడని రోజు లేదు. ఆయన లేచాక చూస్తే సాంబారు ఆకు అంచు దాటి బల్లమీద పారుతూ ఉండేది. మూలన కూర్చుని ఒక్కమాట మాట్లాడకుండా తినే లారీ డ్రైవరు ఆకు మాత్రం కడిగినట్టు ఉండేది. కోర్సులో మీకు ఫీడ్‌బ్యాక్ అని ఏదో చెబుతారట. మాకు బుట్ట ఉండేది. దానికి మొహమాటం లేదు.

శెట్టిగారి గెస్ట్‌హౌస్

పెళ్ళిళ్ళకూ, హోటళ్ళకూ వండి వండి చివరికి పుంగనూరులో ఒక శెట్టిగారి గెస్ట్‌హౌసులో కుదిరాను. ఆయన మదనపల్లి మార్కెట్‌లో టమోటా మండీ నడిపేవాడు. మంచి మనిషి. అందరిముందూ నన్ను పొగిడేవాడు, వంటింట్లోకి వచ్చి తిట్టేవాడు. తిట్టినందుకు నాకు బాధ లేదు. తిడుతూ తిడుతూ గరిటె తీసుకుని కలిపేవాడు, అది ఓర్చుకోలేకపోయేవాణ్ణి. యజమానులు ఏమన్నా పడండి గానీ గరిటె మాత్రం ఇవ్వకండి.

గెస్ట్‌హౌసు వెనకే ఆయన ఇల్లు. ఇంటికీ గెస్ట్‌హౌసుకూ కలిపి వంటిల్లు ఒకటే. ఆ వంటింటికి అధికారి ఆయన కాదు, ఆయన తల్లి. పెద్దమ్మ అనేవాళ్ళం. మాంసం సంగతి సరేసరి, కోడిగుడ్డు అనే మాట కూడా ఆమె వంటింటి గడప దాటకూడదు. ఒకసారి నేను గుండ్రటి వంకాయల్ని "గుడ్డంత ఉండాయి" అన్నందుకు వంటింట్లో పసుపునీళ్ళు చల్లించింది.

టమోటా ధర పడిపోయినప్పుడల్లా రైతులు రోడ్డుపక్కన పారబోసి పోవడం చూసి చూసి శెట్టిగారు పుంగనూరు బయట టమోటా గుజ్జు ఫ్యాక్టరీ పెట్టాడు. మిషన్ పోర్చుగల్ నుంచి వచ్చింది. దాన్ని బిగించడానికి మనువేల్ అని ఒక పెద్దాయన వచ్చాడు. వారం తిరక్కుండానే ఊరంతా మనువేలప్ప చేసేసింది. ఆయన మా దగ్గర నేర్చుకున్న మొదటి తెలుగు మాట "రేపు". షెడ్డుకు కరెంటు ఎప్పుడని అడిగినప్పుడల్లా ఆయనకు అదే వినిపించేది మరి.

వచ్చినప్పుడు భారీ మనిషి. నెలలు గడిచేకొద్దీ ప్యాంటు జారడం మొదలై, చివరికి ఫ్యాక్టరీలో దొరికిన వైరుతో నడుం దగ్గర కట్టుకున్నాడు. ఎప్పుడడిగినా "గుడ్, గుడ్" అనేవాడు. నేను ప్లేటు చూసేవాణ్ణి. ఆయన తినేది పెరుగన్నం నాలుగు ముద్దలు, ఒక అరటిపండు. మిగతాదంతా పెట్టింది పెట్టినట్టే వెనక్కి వచ్చేది.

ఒక బుధవారం శెట్టిగారు వంటింట్లోకి వచ్చాడు. గరిటె తీసుకోలేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో కొంప మునిగిందని.

"రెడ్డెప్పా, ఆయప్ప ఆదివారం పోతాడంట."

"యాల సార్? మిషను తిరగలేదు గదా."

"నీ వంట తినలేకుండా ఉండాడంట. ఇంగేముండాది?"

"నా వంట తిని మీరు ఇన్నేండ్లుగా ఈడే ఉండారు గదా సార్."

"నేను యాడికి పోతానురా? నా గెస్ట్‌హౌసు గదా!"

నవ్వు రాలేదు ఆయనకు. మండీకి కాయలు ముంచుకొస్తున్నాయి. రామసముద్రం నుంచి, బి.కొత్తకోట నుంచి రైతులు ఫోన్ల మీద ఫోన్లు, "మిషను ఎప్పుడప్పా?" అని. మనువేలప్ప పోతే ఆ ఫ్యాక్టరీ పావురాలకు ఇల్లవుతుంది. కాయలు మళ్ళీ రోడ్డుపాలు. శెట్టిగారి మాట మీద నమ్మకం పెట్టుకుని మడులు నాటినవాళ్ళు ఆయన గేటు ముందు కూర్చుంటారు.

"ఏదో చారు కావాలంట ఆయప్పకు. వాళ్ళ ఊర్లో రోజూ రాత్రిపూట అదేనంట. అది చెయ్యి. ఆయన ఉంటే నువ్వుంటావు. ఆయన పోతే నువ్వు గూడా బ్యాగు సర్దుకో."

మొదటి గిన్నె: టమోటా

మనువేలప్ప ఫోనులో ఫోటో చూపించాడు. కాల్దు వెర్ద్ అంటారట. పచ్చటి చారు, మట్టిగిన్నెలో. పైన ఒక ఎర్రటి బిళ్ళ. ఆ బిళ్ళ ఏమిటని అడిగితే చేతులతో పంది ఆకారం చేసి, పొగ వచ్చినట్టు వేళ్ళు ఆడించాడు. పెద్దమ్మ అటు రాకముందే ఆ ఫోను ఆయన జేబులో నేనే పెట్టేశాను.

ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఆకు, నూనె. ఇంతేనా అనుకున్నాను. మనమెవరైనా చేసే తప్పు అక్కడే చేశాను. తొందరగా అయిపోయే వంట మీద మనకు గౌరవం ఉండదు. శెట్టిగారు పక్కనే నిలబడ్డాడు.

"టమోటా యాడ?"

"దీంట్లో లేదంట సార్."

"మదనపల్లి మండీ వాణ్ణి, టమోటా ఫ్యాక్టరీ పెడతాండా, నా గెస్ట్‌హౌసులో టమోటా లేని చారా? రైతులు వింటే ఏమనుకుంటారు?"

వేశాను. వేశాక పులుపుకు జతగా కొంచెం ఇంగువ, ఆవాలు, కరివేపాకు తిరగమోత. చెయ్యి దానంతట అదే పోయింది. వాసన అదిరింది. శెట్టిగారు రెండు గ్లాసులు తాగాడు. మనువేలప్ప ఒక్క స్పూను తీసుకుని, బాధగా నావైపు చూసి, "రసం," అన్నాడు. ఆయనకు ఆ మాట కూడా తెలుసని అప్పుడే తెలిసింది.

రెండో గిన్నె: గుత్తి

గురువారం టమోటా లేకుండా చేశాను. శెట్టిగారిని మండీకి పంపేసి మరీ చేశాను. తోటకూర తెచ్చి, ఉర్లగడ్డలతో కలిపి ఉడికించి, మనం పులగూరకు ఆకు మెదిపినట్టు పప్పుగుత్తితో బాగా ఎనిపాను. మనవైపు ఆకు అంటే ఎనపవలసిందే. ఆకు ఆకులాగా కనిపిస్తే వంటవాడికి చేతకాలేదంటారు. అమ్మలు, అవ్వలు అందరూ గుత్తి పట్టినవాళ్ళే గదా. గుత్తి పక్కన పెట్టి ఆకుకూర చేయమంటే నా చేతికి దిక్కు తోచలేదు.

మనువేలప్ప గిన్నె చూశాడు. ఫోటో చూశాడు. మళ్ళీ గిన్నె చూశాడు. బూట్లు విప్పి, వంటింటి గడప బయట పెట్టి, లోపలికి వచ్చాడు. ఒక తోటకూర ఆకు తీసుకుని బీడీలాగా గట్టిగా చుట్టి, కత్తితో వెంట్రుకలంత సన్నగా తరిగాడు. "లాస్ట్," అన్నాడు, "లాస్ట్, లాస్ట్." ఉర్లగడ్డనే ఎనపాలి. ఆకును చివర్లో వేసి, పచ్చదనం పోకముందే దించేయాలి. అప్పుడు అర్థమైంది. మనం గుత్తి వేయవలసింది ఒకదానికి, వేసింది ఇంకోదానికి.

అర్థమైంది గానీ తోటకూరతో పని జరగలేదు. వేయగానే మెత్తబడి జావలో కలిసిపోయేది. ఆయన తల అడ్డంగా ఊపి, వేళ్ళతో ఆకు మందం చూపించాడు. గట్టి ఆకు కావాలి. నమిలితే తెలియాలి.

కుప్పంలో ఎనుము మేత

శుక్రవారం పొద్దున్నే కుప్పం బస్సెక్కాను. మా అక్క నాగమ్మ ఇక్కడే ఉండేది. ఆ పక్క కర్ణాటక, ఈ పక్క తమిళనాడు. పుంగనూరులో దొరకని కూరగాయలు ఇక్కడ పండుతాయి. మార్కెట్లో నూల్‌కోల్ అనే ఆకుపచ్చ గడ్డలు కోసి, ఆకులు నేలమీద కుప్ప పోస్తున్నారు. ఒక ఆకు చుట్టి గోటితో గిల్లి చూశాను. గట్టిగా, దళసరిగా, కొంచెం క్యాబేజీ వాసన. ఇదే.

"ఆ ఆకెంతమ్మా?" అని అడిగితే అమ్మే ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆకు కొనేది యాల అప్పా? ఎత్తుకుపో. ఎన్ని ఎనుములుండాయి నీకు?"

మా అక్క ఇంకా ఒక మెట్టు పైన.

"ఏందిరా ఈ మోపు?"

"మా దొరకి చారు కాయాల."

"మా ఎనుముకు పెట్టేది దొరకి పెడతావా? ఇంత వయసొచ్చినా నీకు ఎగతాళి పోలేదే!"

"ఎగతాళి కాదక్కా. ఆయప్ప తినకుంటే నా ఉద్యోగం పోతాది."

"తింటే గూడా పోతాదిలే," అంది మా అక్క, ఆకుల్లోంచి సగం తన ఎనుముకు తీసి పెట్టుకుంటూ. ఆమె నోటి చలవ సంగతి తర్వాత చెబుతాను.

ఆ సాయంత్రం చేసిన గిన్నె మనువేలప్ప సగం తాగాడు. సగం! కానీ గిన్నె అడుగుకు చూస్తూ, స్పూనుతో ఏదో వెతుకుతున్నట్టు కలిపాడు. ఎర్రబిళ్ళ. ఆ చారులో వాళ్ళకు ప్రాణం అక్కడుంది. ప్రతి గిన్నెలో ఒక్క బిళ్ళ. ఇంటికి వచ్చినవాడికి అది పెట్టకపోవడం మనం పప్పులో ఉప్పు వేయకపోవడం లాంటిదట. "నో ఫూము," అన్నాడు. పొగ లేదని. రేపు బ్యాగు సర్దుకుంటానని కూడా అన్నాడు. ఈసారి "రేపు" అనే మాటను ఆయన మనలాగా వాడటం లేదని ముఖం చూస్తే తెలిసింది.

పొగ

శెట్టిగారు మీల్‌మేకర్ వేయమన్నాడు. సోయా ఉండలు. మాంసంలాగా ఉంటాయని డబ్బా మీద రాసి ఉంటుంది. రాసినవాడు మాంసం తినలేదు, మీల్‌మేకర్ కూడా తినలేదు. నూనె పీల్చుకున్న స్పాంజిని నమిలినట్టుంటుంది. పిల్లలకు నా సలహా: లేనిదాన్ని ఉన్నట్టు బొమ్మ చేసి పెట్టకండి. తినేవాడు దేని కోసం వెతుకుతున్నాడో అది కనిపెట్టండి. మనువేలప్ప పంది కోసం వెతకడం లేదు. పొగ, ఎరుపు, నూనె, వెల్లుల్లి, పంటికింద ఒక ముక్క. వీటిలో మనకు లేనిదేది?

శనివారం మధ్యాహ్నం అరటికాయలు తొక్కతోనే సగం ఉడికించి, ఒలిచి, బిళ్ళలు కోశాను. బ్యాడిగి మిరపకాయలు నానబెట్టి నూరాను. ఎరుపెక్కువ, కారం తక్కువ. వెల్లుల్లి, ఉప్పు కలిపి బిళ్ళలకు పట్టించాను. చింతబొగ్గులు రాజేసి వాటిమీద చెనిక్కాయ పొట్టు చల్లాను. నూనె మిల్లులో వేరుశనగలు ఒలిచి పారేసే పొట్టే. పొగ లేచింది. దానిమీద జల్లెడలో బిళ్ళలు పరిచి మూత పెట్టాను. తర్వాత చెనిక్కాయ నూనెలో వేయిస్తే నూనె ఎర్రగా మారింది. ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను. నేను శాకాహారిని కాదు గనుక ఖచ్చితంగా చెప్పగలను: కుదిరింది.

మరీ కుదిరింది. పెద్దమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ముక్కుకు కొంగు.

"ఏందిరా కాలస్తాండావు?"

"అరిటికాయమ్మా."

"అరిటికాయ వాసన నాకు తెలీదా? ఎనబై ఏండ్లు తిన్న్యా. అది అరిటికాయ వాసన కాదు. నా వంటింట్లో మాంసం కాలస్తాండావు!"

శెట్టిగారు పరుగెత్తుకొచ్చాడు. నేను జల్లెడ చూపించాను, తొక్కలు చూపించాను. ఒక్క బిళ్ళ తిని చూడమన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. సరే, మీ కళ్ళముందే చేస్తాను, కూర్చుని చూడండి అన్నాను. కూర్చుంది. అరటికాయ కోయడం దగ్గర్నుంచి నూనెలో వేయించడం దాకా అన్నీ చూసింది. మధ్యలో మూత ఎత్తించి మరీ చూసింది. ఏ పోలీసూ అంత శ్రద్ధగా సోదా చేయడు.

"మాంసం లేదు," అంది చివరికి. నేను ఊపిరి పీల్చుకోబోయాను. "అయినా ఆ వాసన మాంసానిదే. మాంసం లేకున్నా దాన్ని గుర్తుకు తెచ్చేది నా వంటింట్లో ఉండకూడదు. పారెయ్. పారేసి నువ్వు గూడా పో."

నవ్వండి, కానీ ఆమె మాటలో న్యాయం ఉంది. నేను ఆ మధ్యాహ్నమంతా కష్టపడింది ఆ గుర్తు కోసమే గదా. బాగా చేయకపోయి ఉంటే ఉద్యోగం పోయేది. బాగా చేసినందుకు కూడా పోయింది. మా అక్క నోరు అలాంటిది.

పెరట్లో మూడు రాళ్ళు

శెట్టిగారు తల్లికి ఎదురు చెప్పలేడు. మండీలో లారీల కొద్దీ కాయలు వేలం పాడే గొంతు అక్కడ పిల్లవాడి గొంతయింది. "అమ్మా... రైతులు..." అని మాత్రం అన్నాడు. ఆమె వినలేదు. నేను జల్లెడ పట్టుకుని నిలబడ్డాను. పారేయడానికి చెయ్యి రావడం లేదు.

అప్పుడు మనువేలప్ప వచ్చాడు. సర్దిన బ్యాగు వరండాలో పెట్టి, పొగ వాసన పట్టుకుని వచ్చాడు. మామూలుగానే బూట్లు విప్పి, గడప బయటే ఆగిపోయాడు. ఎవరి ముఖాలు ఎలా ఉన్నాయో ఆయనకు పట్టలేదు. కళ్ళు జల్లెడ మీద ఉన్నాయి. ఫ్యాక్టరీలో కుర్రాళ్ళు నేర్పిన ఇంకో మాట ఉంది ఆయన దగ్గర. పెద్దమ్మ వైపు తిరిగి చెప్పాడు.

"అమ్మా. ఆకలి."

పెద్దమ్మ కొంగు ముక్కు మీదినుంచి జారింది. వైరుతో కట్టుకున్న ఆ ప్యాంటు వైపు చూసింది. ఆమె ఇంట్లో ఆకలి అన్నవాణ్ణి తినకుండా పంపిన రోజు లేదు. తన వంటింట్లో తప్పు వాసన రానిచ్చిన రోజూ లేదు. రెండూ ఒకేసారి గడప దగ్గరికి వచ్చి నిలబడితే ఏంచేస్తుంది పాపం.

"రెడ్డెప్పా," అంది. "వంటిల్లు నాది. పెరడు ఎవురిదీ కాదు. మూడు రాళ్ళు పెట్టుకో."

పెరట్లో, ఖాళీ టమోటా బాక్సుల పక్కన మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశాను. ఉర్లగడ్డ ఎనిపాను. నూల్‌కోల్ ఆకు వెంట్రుకలంత సన్నగా తరిగి చివర్లో వేశాను. పైన ఎర్రనూనె చుక్కలు, ఒక బిళ్ళ. మనువేలప్ప బాక్సు తిరగేసి దానిమీద కూర్చుని తాగాడు. బిళ్ళ కొరికి నమిలి, కళ్ళు మూసుకుని, తెరిచి, "బనానా," అన్నాడు. కనిపెట్టేశాడు. ఇదీ పోయింది అనుకున్నాను. గిన్నె ముందుకు చాపాడు. నేను గిన్నె వైపే చూశాను. కడిగినట్టుంది.

ఆదివారం ఆయన పోలేదు. మిషను తిరిగింది. మొదటిరోజే ఎర్రటి గుజ్జు అందరి చొక్కాల మీద చిమ్మింది. రైతులు నవ్వుకుంటూ తుడుచుకున్నారు. నా పొయ్యి పెరట్లో రోజూ వెలిగేది. పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని దూరంగా కూర్చునేది, నేను మాంసం తెస్తానేమోనని కాపలా. కాపలా కుర్చీ దినదినమూ పొయ్యికి దగ్గరగా జరిగింది. పొగ ఎటు వీస్తే అటు జరిగేది. నేను గమనించనట్టు నటించాను. ఆకు తరగడం చూసి, "అదేం తరగడంరా, తాడు పేనినట్లుండాది," అని కత్తిపీట తెప్పించుకుని తానే తరగడం మొదలుపెట్టింది. అది మాత్రం వంట కాదట, తరగడం అట.

పని ముగించుకుని మనువేలప్ప వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పెద్దమ్మ కాళ్ళకు మొక్కాడు. ఎవరు నేర్పారో తెలియదు, చెయ్యి సరిగ్గా పెట్టలేదు గానీ వంగడం బాగా వంగాడు.

మరుసటిరోజు సాయంత్రం నేను వంటింట్లో చపాతీలు వత్తుకుంటున్నాను. పెరట్లోంచి పిలుపు.

"ఏంరా రెడ్డెప్పా, పొయ్యి రాజెయ్యలే?"

"ఎవురికమ్మా? ఆయప్ప పాయె గదా."

పెద్దమ్మ నన్ను చూడలేదు. కుర్చీలో కూర్చుని నూల్‌కోల్ ఆకు చుడుతోంది.

"కుక్కలకి. నీకెందుకు, రాజెయ్," అంది. ఇంకో ఆకు అందుకుని, "ఉప్పు తక్కువెయ్యి. బీపీ వస్తాది," అంది.

నాలుక చివరిదాకా వచ్చింది. నా జీవితంలో మింగేసిన జోకు అదొక్కటే. పొయ్యి రాజేశాను.